1:72లో 1971 నాటి మన మిగ్-21: ఎంతవరకు కరెక్ట్‌గా చేయాలి?

గోదారి మోడలర్:

నమస్తే అండి అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి ఇప్పుడు 76 ఏళ్లు. ఎయిర్‌ఫోర్స్‌లో ఆర్మమెంట్ ట్రేడ్‌లో చేశారు, అంటే విమానానికి బాంబులు, రాకెట్లు ఎక్కించడం, గన్ చూసుకోవడం ఆయన పని. 1971 యుద్ధం అప్పుడు ఈశాన్యంలో ఒక మిగ్-21 స్క్వాడ్రన్‌తో ఉన్నారు. ఇంట్లో ఎప్పుడూ దాని గురించి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పిన కార్యక్రమం మాత్రం టీవీ ముందు నుంచి లేవకుండా చూశారు, అమ్మ భోజనానికి పిలిచినా లేవలేదు. ఆయన చేతుల మీదుగా ఎగిరిన విమానాన్ని నా చేతులతో చేసి ఇవ్వాలని ఆ రోజే అనుకున్నాను.

నేను మోడల్స్ చేయబట్టి ఆరేళ్లు, ఎక్కువగా 1:72 (అసలులో 72వ వంతు సైజు) విమానాలే. మన ఎయిర్‌ఫోర్స్ డెకల్స్ (గుర్తుల స్టిక్కర్లు) ఉన్న మిగ్-21 పీఎఫ్ఎం కిట్ ఒకటి దొరికితే రెండు నెలలు కూర్చుని చేశాను. కాక్‌పిట్ కనపడాలని కానోపీ (పైలట్ మీది అద్దం మూత) తెరిచి పెట్టాను. తీసుకెళ్లి నాన్న చేతిలో పెడితే కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ముందు బాగుంది అన్నారు. తర్వాత వేలితో కానోపీ చూపించి "మూత పక్కకి తెరిచావేంట్రా? మా బండికి మూత ముందుకి లేస్తుంది, ముందు అద్దం కూడా దాంతోపాటే లేస్తుంది" అన్నారు. ఇంకేం అనలేదు. ఆ మోడల్ ఇప్పుడు షోకేస్‌లోనే ఉంది కానీ దాని ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ నా చూపు కానోపీ మీదే పడుతోంది.

అందుకని రెండోది మొదలుపెడుతున్నాను. ఈసారి సరిగ్గా రావాలి. అలాంటి పీఎఫ్ఎం కిట్టే ఇంకొకటి నా దగ్గర ఉంది. అడగాలనుకున్నది ఏంటంటే, కానోపీ కాకుండా ఇంకా ఏమేం తేడాలు ఉన్నాయి? అప్పటి రంగు ఏది? డబ్బాలో ఇచ్చిన ఆయుధాల్లో ఏవి పెట్టాలి? ప్యానెల్ లైన్లన్నీ (రేకుల అతుకుల గీతలు) మళ్లీ గీయమని కొందరు, రివెట్లు కూడా వేయమని ఇంకొందరు అంటున్నారు, ఇదంతా ఎక్కడ ఆపాలో తెలియట్లేదు. ఎక్కడ కష్టపడితే కనిపిస్తుందో, ఎక్కడ వదిలేసినా పర్లేదో చేసినవాళ్లు చెప్పండి.

బాలానగర్ బాబాయ్:

ముందు మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఆయన ఒక్క ముక్కలో అసలు తేడా చెప్పేశారు.

1971లో మనవాళ్లు వాడింది మిగ్-21 ఎఫ్ఎల్, మనవాళ్లు టైప్ 77 అనేవాళ్లు. హెచ్‌ఏఎల్ లైసెన్సు మీద ఇక్కడే చేసిన రకం, విమానం నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్స్ మా హైదరాబాద్ బాలానగర్‌లో. మా మేనమామ అక్కడే రిటైర్ అయ్యాడు, అందుకే నాకు దీని మీద కొంచెం మమకారం ఎక్కువ. మీ దగ్గరున్న కిట్ పీఎఫ్ఎం. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి, డబ్బా మీద మన రౌండెల్ (ఎయిర్‌ఫోర్స్ గుండ్రటి గుర్తు) కూడా వేసి అమ్ముతారు కాబట్టి చాలామంది అలాగే చేసేస్తారు.

మీకు కలిసొచ్చేది ఏంటంటే తోక. పాత పీఎఫ్‌లో నిలువు రెక్క సన్నగా ఉంటుంది, ఎఫ్ఎల్‌లో పీఎఫ్ఎం లాగే వెడల్పాటిది. బ్రేక్ పారాచూట్ గొట్టం కూడా పీఎఫ్ఎంలో మాదిరే ఆ రెక్క మొదట్లో, ఇంజన్ గొట్టం పైన ఉంటుంది. కాబట్టి వెనక భాగం ముట్టుకోనక్కర్లేదు. ముక్కు మీద ఉండే పొడవాటి పిటాట్ గొట్టం (గాలి వేగం కొలిచేది) కూడా రెండింటిలోనూ సరిగ్గా మధ్యలో పైనే ఉంటుంది. తర్వాత వచ్చిన ఎంఎఫ్, బిస్ రకాల కిట్‌లో అయితే అది కుడి పక్కకి జరిగి ఉంటుంది, వీపు కూడా లావు, వాటిని ఎఫ్ఎల్‌గా మార్చాలని మాత్రం చూడకండి.

మార్చాల్సింది కానోపీ, దాని కింద సీటు. పీఎఫ్ఎంలో ముందు అద్దం కదలదు, వెనక మూత ఒక్కటే కుడి పక్కకి తెరుచుకుంటుంది. ఎఫ్ఎల్‌లో ముందు అద్దంతో సహా అంతా ఒకే ముక్క, కీలు ముందు వైపు. దానికి కారణం సీటు. ఎఫ్ఎల్‌లో ఎస్‌కే రకం సీటు, పైలట్ బయటికి దూకాల్సి వస్తే ఆ మూత కూడా ఆయనతోపాటే వెళ్లి ఎదురుగాలి తగలకుండా కాపాడేలా చేశారు. పీఎఫ్ఎంకి వచ్చేసరికి కేఎం-1 సీటు పెట్టి ఆ పద్ధతే తీసేశారు. కాబట్టి మూత మార్చి సీటు పాతదే ఉంచితే పని సగమే అయినట్టు. సీటు చేయడం పెద్ద కష్టం కాదు, 1:72లో తలవైపు పైభాగమే కనిపిస్తుంది, ఫొటో పక్కన పెట్టుకుని ప్లాస్టిక్ షీట్ ముక్కలతో ఒక సాయంత్రంలో అయిపోతుంది.

ఇక ఆయుధాల సంగతి, ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. ఎఫ్ఎల్‌కి వేలాడదీసే చోట్లు మూడే, రెక్కల కింద చెరొకటి, పొట్ట కింద ఒకటి. లోపల గన్ లేదు. అందుకే పొట్ట కింద జీపీ-9 అనే గన్ పాడ్ (గన్ అమర్చిన డబ్బా) తగిలించేవాళ్లు, అందులో రెండు గొట్టాల 23 మిల్లీమీటర్ల జీఎస్‌హెచ్-23, 200 తూటాలు. పొట్ట కింద చోటు ఒక్కటే కాబట్టి గన్ పెడితే మధ్య డ్రాప్ ట్యాంక్ (అదనపు ఇంధన ట్యాంక్) ఉండదు, ట్యాంక్ పెడితే గన్ ఉండదు. డబ్బాలో ఇచ్చినవన్నీ తగిలించేయాలనిపిస్తుంది, ఆ కోరికని పట్టించుకోకండి.

నా మాట ఒకటి వినండి. "1971 మిగ్-21" అని చేయకండి, ఒక తేదీ ఎంచుకోండి. డిసెంబర్ 6న ఢాకా తేజ్‌గావ్ రన్‌వే మీదకి వెళ్లినవాటికి రెక్కల కింద 500 కిలోల బాంబులు. డిసెంబర్ 12న జామ్‌నగర్ వైపు 47 స్క్వాడ్రన్ మిగ్ ఒకటి పాకిస్తాన్ ఎఫ్-104ని కూల్చినప్పుడు పని చేసింది ఆ పొట్ట కింద గన్. డిసెంబర్ 14న ఢాకా గవర్నమెంట్ హౌస్ మీదకి గువాహతి నుంచి వెళ్లిన 28 స్క్వాడ్రన్ మిగ్‌లు 57 మిల్లీమీటర్ల రాకెట్లు కొట్టాయి, ఒక్కో పాడ్‌లో 16 చొప్పున విమానానికి 32. ఆఖరి నిమిషంలో టార్గెట్ మారిపోయి చేతిలో ఒక టూరిస్టు మ్యాప్ పట్టుకుని ఆ భవనాన్ని వెతుక్కుంటూ వెళ్లారు, ఆ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. తేదీ ఎంచుకుంటే రెక్కల కింద ఏం ఉండాలో, ఏం ఉండకూడదో దానంతట అదే తేలిపోతుంది. మీకైతే ఇంట్లోనే ఆర్మమెంట్ మనిషి ఉన్నారు కదా, ముందు ఆయన్నే అడగండి.

సన్న గీత:

బాబాయ్ గారు చెప్పినదంతా నిజం. నేను ప్యానెల్ లైన్ల గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువ మోడల్స్ పాడు చేసుకునేది ఇక్కడే.

లెక్క వేసి చూడండి. 1:72 అంటే మోడల్ మీద ఒక మిల్లీమీటర్, అసలు విమానం మీద 7.2 సెంటీమీటర్లు. మామూలు స్క్రైబర్‌తో గీస్తే గీత 0.2 మిల్లీమీటర్లు వస్తుంది అనుకుందాం, అసలు విమానం మీద అది దాదాపు సెంటీమీటరున్నర సందు. అంత సందులున్న విమానాన్ని ఏ పైలటూ ఎక్కడు. నిజంగా ఉండే రెండు మిల్లీమీటర్ల సందు మన మోడల్ మీద 0.03 మిల్లీమీటర్లు కూడా రాదు, తల వెంట్రుక అంతకన్నా రెట్టింపు లావు. రివెట్ల సంగతీ అంతే, 5 మిల్లీమీటర్ల రివెట్ తల మోడల్ మీద వెంట్రుక మందం.

అలాగని అన్నీ పూడ్చేసి నున్నగా చేయమని కాదు, కంటికి ఏదో ఒకటి ఆనాలి. కిట్‌లో ఇచ్చిన గీతలు సన్నగా ఉంటే అవే చాలు, సాండింగ్‌లో పోయిన చోట మాత్రమే మళ్లీ గీయండి. వాటిలో నల్ల వాష్ (బాగా పల్చన చేసిన రంగు) పోయకండి. లోహం రంగు మీద అయితే ముదురు బూడిద రంగు, ఆకుపచ్చ మీద అయితే అదే ఆకుపచ్చకి కొంచెం ముదురు. నల్లగా నింపితే విమానం మీద ఎవరో పెన్నుతో గళ్లు గీసినట్టు ఉంటుంది.

ఆ టైమంతా అంచుల మీద పెట్టండి. కిట్ రెక్క వెనక అంచు అర మిల్లీమీటర్ ఉందంటే అసలులో అది 3.6 సెంటీమీటర్ల మందం. మిగ్-21 రెక్క అంచు కత్తిలా ఉంటుంది. రెక్క రెండు ముక్కలూ అతికించే ముందే లోపలి వైపు నుంచి 400 నంబర్ గరుకు కాగితం మీద రుద్ది పల్చన చేయండి, పైన గీతలు పోవు. ఎవరూ చూసి "అంచులు పల్చగా ఉన్నాయి" అనరు, కానీ మొత్తం విమానం ఒక్కసారిగా నిజమనిపిస్తుంది. నా అనుభవంలో వంద రివెట్లకన్నా ఈ ఒక్క పని ఎక్కువ పని చేస్తుంది.

పిటాట్ గొట్టం కూడా కిట్‌ది వాడకండి, అగరొత్తి పుల్లలా ఉంటుంది. మెడికల్ షాపులో ఇన్సులిన్ సూది తెచ్చుకోండి, మొదట్లో కొంచెం లావు సూది, దాంట్లోకి సన్నది దూర్చితే సరిగ్గా వస్తుంది. మొన కత్తిరించేటప్పుడు కళ్లకి అద్దాలు పెట్టుకోండి, ముక్క ఎగిరి వస్తుంది.

గోదారి మోడలర్:

బాబాయ్ గారూ, సన్న గీత గారూ, ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఫోన్‌లో నాన్నని అడిగాను, తేదీలు చెప్పగానే "రాకెట్లు" అన్నారు. అంతే. అయితే డిసెంబర్ 14 ఖాయం.

ఇప్పుడు కానోపీ. ఎఫ్ఎల్ మూత విడిగా ఎక్కడా దొరకట్లేదు, బయట దేశం నుంచి తెప్పిస్తే పోస్టూ కస్టమ్సూ కలిపి కిట్ ఖరీదు దాటుతోంది. తెరిచి పెట్టాలని ఉంది, ముందుకి లేచి ఉండాలి. ఆయన మొదట చూసింది అదే కదా.

సన్న గీత:

మూసి పెట్టేట్టయితే సులువు. కిట్ అద్దం మీద పీఎఫ్ఎం ఫ్రేమ్ గీతలు 1000, 2000, 4000 కాగితాలతో వరసగా తడి పెట్టి రుద్దేసి, తర్వాత తెల్ల టూత్‌పేస్టుతో పది నిమిషాలు మెరుగు పెడితే అద్దం మళ్లీ తేట అవుతుంది. ఆ పైన ఫొటో చూసి ఎఫ్ఎల్ ఫ్రేములు పెయింట్ చేయడమే. ఆకారంలో కొద్దిగా తేడా ఉంటుంది.

తెరిచి పెట్టాలంటే మాత్రం కొత్తది చేయాల్సిందే, కిట్ అద్దం మందానికి నిలువునా లేచిన మూత గాజుపెంకులా కనపడుతుంది. ఎం-సీల్‌తో అచ్చు చేసుకోండి. ముందు అద్దం, మూత రెండూ కలిపి కిట్ అద్దం లోపల నింపి, ఆరాక తీసి, ఫొటోకి సరిపోయేలా చెక్కి, 2000 కాగితంతో అద్దంలా చేయాలి, అచ్చు మీద ఏ చిన్న గీత ఉన్నా అద్దంలో దిగుతుంది. దాన్ని ఒక పుల్లకి గుచ్చి నిలబెట్టండి. పారదర్శకంగా ఉండే పల్చటి ప్లాస్టిక్ షీట్, బొమ్మల ప్యాకింగ్‌లో వచ్చేది అయినా సరే, చెక్క ఫ్రేముకి పిన్నులతో బిగించి కొవ్వొత్తి పైన అటూ ఇటూ ఊపితే ముందు అలలు అలలుగా అవుతుంది, తర్వాత మళ్లీ బిగుసుకుంటుంది, అప్పుడే ఒక్క ఊపున అచ్చు మీదకి లాగాలి. నాకు మొదటిసారి పదకొండోది కుదిరింది. ప్లాస్టిక్ రెండు రూపాయలది, భయపడకండి. గాలి ఆడే చోట చేయండి, ఆ పొగ మంచిది కాదు.

భీమిలి కెరటం:

నేను విమానాలు చేయను, నౌకలు, సబ్‌మెరైన్లు చేస్తాను. కానీ ఈ థ్రెడ్ చదివాక ఫొటోల గురించి ఒక మాట చెప్పాలనిపించింది.

మా వైజాగ్ బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా ఉంది కదా. ఫాక్స్‌ట్రాట్ తరగతి, 1969 నుంచి 2001 దాకా నేవీలో చేసి 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున ఉంది. పొడవు 91.3 మీటర్లు, 1:350లో 26 సెంటీమీటర్లు, చక్కగా బల్ల మీద పడుతుంది. నేను దాన్ని చేసినప్పుడు నాకన్నా అదృష్టవంతుడు లేడనుకున్నాను, మిగతావాళ్లు ఇంటర్నెట్ ఫొటోలు వెతుక్కుంటుంటే నేను ఆదివారం పూట టికెట్ కొని లోపలికే వెళ్లి చూడొచ్చు, టార్పెడో గొట్టాలు చేత్తో తడిమి చూడొచ్చు. నాలుగుసార్లు వెళ్లి రెండు వందల ఫొటోలు తీశాను.

తీరా బయటి బాడీ చేస్తుంటే ఫొటోల్లో పక్కన తలుపులు కనపడ్డాయి. జనం ఎక్కడానికీ దిగడానికీ కోసిన తలుపులు అవి, సముద్రంలో తిరిగిన సబ్‌మెరైన్‌కి పక్కన తలుపులు ఉండవు కదా. ఆ తర్వాత ప్రతిదాన్నీ అనుమానంగా చూడటం మొదలుపెట్టాను. రంగు కూడా మ్యూజియం వాళ్లు ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా మళ్లీ మళ్లీ వేసిందే, 1971 నాటి రంగు దాని మీద చూసి చెప్పలేం. రెయిలింగులు, లైట్లు సందర్శకుల కోసం పెట్టినవి. చివరికి ఆకారం, కొలతలు, లోపలి యంత్రాలు మాత్రం కుర్సురా నుంచి తీసుకుని, రంగుకి, పైనున్న చిన్న చిన్న వస్తువులకి సర్వీసులో ఉన్నప్పటి నలుపు తెలుపు ఫొటోలనే నమ్మాను.

మిగ్-21లు ఊరూరా కూడళ్లలో, కాలేజీల ముందు, క్యాంపుల గేట్ల దగ్గర స్తంభాల మీద ఉన్నాయి కదా, వాటినీ అలాగే చూడండి. కొలతకి, ఆకారానికి అవి బంగారం. వీల్ బేలోకి (చక్రం ముడుచుకునే గూడు) తల దూర్చి ఫొటో తీసుకోవచ్చు. కానీ రంగు ఎవరో కాంట్రాక్టర్ ఎనామెల్ పెయింట్‌తో వేసింది అయుండొచ్చు, నంబరు ఊహించి రాసింది అయుండొచ్చు, ఒక విమానం తోక ఇంకోదానికి బిగించిందీ ఉండొచ్చు. ఫొటో చూడగానే ముందు అడగాల్సింది ఇది ఏ ఏడాది తీసింది, ఏ నంబరు విమానం అని. ఎఫ్ఎల్‌లు 2013 డిసెంబర్ దాకా ఎగిరాయి, పశ్చిమ బెంగాల్ కలైకుండాలో వాటిని ఆపేశారు. కాబట్టి మంచి రంగుల ఫొటోలన్నీ ఆ ఆఖరి సంవత్సరాలవే దొరుకుతాయి. 1971కి 2013కి మధ్య 42 ఏళ్లు, ఆ రంగులు చూసి యుద్ధం నాటి విమానానికి వేస్తే అదీ తప్పే.

తేమ శత్రువు:

రంగు గురించి అడిగారు, ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

యుద్ధానికి ముందు మన మిగ్‌లు ఎక్కువగా లోహం రంగులోనే, అంటే వెండిలా మెరుస్తూ ఉండేవి. ముక్కు కోన్, తోక రెక్క పైకొన ఆకుపచ్చ, చక్రాల హబ్బులు పచ్చటి ఆకుపచ్చ. యుద్ధం వచ్చేసరికి హడావుడిగా క్యామఫ్లాజ్ వేశారు. అది అందరికీ ఒకే డ్రాయింగ్ ప్రకారం ఫ్యాక్టరీలో వేసింది కాదు, స్క్వాడ్రన్ స్క్వాడ్రన్‌కీ తేడా, ఒకే స్క్వాడ్రన్‌లో రెండు విమానాలకి కూడా తేడా. అందుకే ఆకుపచ్చ ఏ నంబరు అని అడిగితే జవాబు ఉండదు. నంబరు వెతకడం మానేసి, ఆ విమానం ఫొటో ఒక్కటి సంపాదించి మచ్చల ఆకారం దాని నుంచి తీసుకోండి. నలుపు తెలుపు ఫొటో అయినా ఎక్కడ ముదురు, ఎక్కడ లేత అన్నది తెలుస్తుంది.

వేసే పద్ధతి కూడా అసలు జరిగిన వరసలోనే చేస్తే బాగుంటుందని నా అభిప్రాయం. ముందు మొత్తం లోహం రంగు వేసి, దాని మీద పల్చగా క్యామఫ్లాజ్ వేసి, మనుషులు ఎక్కిదిగే చోట, తరచూ విప్పే మూతల అంచుల దగ్గర టూత్‌పిక్‌తో చాలా కొంచెం గీకితే కింద వెండి బయటపడుతుంది. కొంచెం అంటే నిజంగా కొంచెమే, సన్న గీత గారి లెక్క ప్రకారం ఒక మిల్లీమీటర్ గీకుడు అసలులో అరచేయంత. యుద్ధం జరిగింది రెండు వారాలు, విమానం పదేళ్లు ఎండలో నిలబడ్డట్టు చేయకండి.

మీ పేరులో గోదారి ఉంది కాబట్టి వాతావరణం గురించి కూడా చెప్పాలి. మన కోస్తాలో వానాకాలం లాకర్ క్లియర్ కోట్ (రంగు మీద కొట్టే పారదర్శక పూత) కొడితే తేమకి తెల్లగా పొగమంచు పట్టినట్టు అయిపోతుంది, నేను ఒక హంటర్ విమానం మోడల్‌ని అలా పోగొట్టుకున్నాను, రెండు నెలల పని ఒక్క సాయంత్రంలో పోయింది. ఎండ కాసిన రోజు పదకొండు తర్వాత కొట్టండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ నేరుగా ప్లాస్టిక్ మీద పడనీయకండి, కరిగిపోతుంది, బ్రష్షులు కడగడానికి చాలు. డెకల్స్‌లో కాషాయం ఎరుపుగా ప్రింట్ అయిందేమో చూసుకోండి, నాసిరకం షీట్లలో ఇది మామూలే, రౌండెల్‌లో బయటి వలయం కాషాయమే ఉండాలి. ఎఫ్ఎల్ నంబర్లు సీ అక్షరంతో మొదలవుతాయి, వేరే అక్షరం ఉంటే అది వేరే రకానిది.

చెయ్యి దూరం:

అందరూ బాగా చెప్పారు కానీ నాకు ఒక భయం. ఇలా తప్పులు వెతుక్కుంటూ పోయి మొదలుపెట్టిన కిట్ పూర్తి చేయని వాళ్లని చాలామందిని చూశాను, నా అల్మరాలోనే తొమ్మిది సగం కిట్లు ఉన్నాయి. బ్రదర్, మీ నాన్నగారి వయసు 76. సీటు బెల్టు బకిల్ కోసం ఆరు నెలలు ఆగకండి. చెయ్యి చాపినంత దూరంలో కనపడేది సరిగ్గా చేసి ఇచ్చేయండి.

బాలానగర్ బాబాయ్:

ఈ మాట నేను ఒప్పుకుంటాను, కానీ ఒక్క సవరణ. ఎంత దూరం నుంచి చూస్తే కనపడుతుంది అన్నది కాదు, ఎవరు చూస్తారన్నది ముఖ్యం. మనకి బకిల్ కనపడదు. రాకెట్ పాడ్ ఎక్కించిన మనిషికి పాడ్ రెక్కకి ఏ కోణంలో వేలాడుతుందో పది అడుగుల నుంచి తెలుస్తుంది. మీ నాన్నగారి చేతులు పడ్డ చోట్లు ఏవో కనుక్కుని అవి ప్రాణం పెట్టి చేయండి. మిగతావి చెయ్యి దూరం గారు చెప్పినట్టు వదిలేయండి.

గోదారి మోడలర్:

మూడు నెలలు కనపడలేదు, క్షమించండి. అయిపోయింది, ఇచ్చేశాను కూడా. ఎలా జరిగిందో చెప్పాలి కదా.

బాబాయ్ గారి మాట పట్టుకుని ఆ వారమే ఊరెళ్లి నాన్న పక్కన కూర్చుని నోట్సు రాసుకున్నాను. కాక్‌పిట్ గురించి అడిగితే "అది మన పని కాదు, నాకు తెలీదు" అన్నారు. రెక్క కింద గురించి అడిగితే గంటన్నర ఆపకుండా చెప్పారు. పాడ్‌లో 16 గొట్టాలూ నింపాక ముందు నుంచి రాకెట్ల మొనలు ఎలా కనపడతాయో, కరెంటు ప్లగ్గు ఆఖర్న పైలట్ ఎక్కాక ఎందుకు పెడతారో, డిసెంబర్ చలికి వేళ్లు ఎలా బిగుసుకుపోయేవో. నేను పుట్టి 44 ఏళ్లు, ఈ కథలో ఒక్క ముక్క ఇంతకు ముందు వినలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది.

దాంతో పాడ్‌ల కోసం ఎక్కువ కష్టపడ్డాను. 57 మిల్లీమీటర్ల రాకెట్ 1:72లో 0.8 మిల్లీమీటర్లు, ఆ సైజు డ్రిల్‌తో ఒక్కో పాడ్‌కి 16 చొప్పున 32 రంధ్రాలు చేత్తో వేశాను. మూడు పాడ్‌లు పాడయ్యాయి, కిట్‌లో ఇచ్చినవి అయిపోతే గొట్టంతో కొత్తవి చేశాను. కాగిన స్ప్రూని (కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కడ్డీ) సాగదీసి, మొన చెక్కి, ఒక్కో రంధ్రంలో ఒక్కోటి పెట్టాను. పొట్ట కింద గన్ పెట్టాలా, ట్యాంకా అని అడిగితే ట్యాంక్ పెట్టమన్నారు, పెట్టాను. కానోపీ తొమ్మిదోసారి కుదిరింది సన్న గీత గారూ, మీకన్నా రెండు ముందే. రెక్కల అంచులు కాగితం మీద రుద్దుతుంటే వేలి చర్మం లేచింది కానీ మీరన్నది నిజం, పాత దాని పక్కన పెడితే పాతది బొమ్మలా ఉంది. ప్యానెల్ లైన్లు ముట్టుకోలేదు. రివెట్లు వేయలేదు. క్యామఫ్లాజ్ ఒక నలుపు తెలుపు ఫొటో చూసి వేశాను, ఎండ రోజు చూసుకునే కొట్టాను.

మొన్న ఆదివారం ఇచ్చాను. మూత ముందుకి లేచి ఉంది, అది చూసి తల ఊపారు. తర్వాత విమానాన్ని తిరగేసి పొట్ట పైకి పెట్టుకున్నారు, అందరూ పై నుంచి చూస్తారు, ఆయన కింద నుంచే చూశారు. ఎడమ పాడ్ మొనలు వేలిగోరుతో తాకకుండా ఒక్కోటి లెక్కపెట్టారు. పదహారు. కుడి వైపూ లెక్కపెట్టారు.

తర్వాత "ప్లగ్గు తీగ లేదు" అన్నారు. నిజమే, చెప్పారు, నోట్సులో రాసుకున్నాను కూడా, మర్చిపోయాను. సన్నటి రాగి తీగ ఇంట్లో ఉంటే తెమ్మన్నారు, పాత ఇయర్‌ఫోన్ కోసి ఒక పోగు ఇచ్చాను. చెయ్యి వణుకుతుంది కాబట్టి ఆయన చూపించారు, నేను అతికించాను. పాడ్ వెనక నుంచి పైలాన్‌కి (రెక్క కింద పాడ్ తగిలించే భాగం), అసలులో ఎంత వేలాడేదో అంత వేలాడదీశాం. రెండో వైపు తీగ పెట్టేలోపు గ్లూ అయిపోయింది, ఈ శనివారం మళ్లీ వెళ్తున్నాను. బాబాయ్ గారూ, ఆ ప్లగ్గు కిందకి వేలాడేటప్పుడు దానికి రంగు పట్టీ ఏమైనా కట్టేవాళ్లా అని నాన్నకి సరిగ్గా గుర్తు రావట్లేదు, దగ్గర నుంచి తీసిన ఫొటో మీ మేనమామ గారి దగ్గర ఉంటే పెట్టగలరా?